పెద్దమ్మకి "లైటు వేస్తే తెరుచుకునే కీమో" ఇస్తారట, 4 లక్షలట. నమ్మొచ్చా?

సిక్కోలు_కుర్రోడు
మా పెద్దమ్మకి 67 ఏళ్లు. అంగిట్లో పుండు మూడు నెలలైనా మానలేదు, ముక్క పరీక్ష చేయిస్తే క్యాన్సర్ అని వచ్చింది. పెళ్లయిన కొత్తలోనే అడ్డచుట్ట అలవాటైంది. తెలియనివాళ్ల కోసం: నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు, మా వైపు ఆ వయసు ఆడవాళ్లలో కొత్తేమీ కాదు. విశాఖలో డాక్టరు గారు ముందు ఆపరేషన్, తర్వాత రిపోర్టు చూసి అవసరమైతే రేడియేషన్ అన్నారు. పన్నెండు రోజుల్లో డేటు.

ఈలోగా మా అన్నయ్య ఒక ప్రైవేటు సెంటర్‌కి వెళ్లి బ్రోచర్ పట్టుకొచ్చాడు. "కాంతికి స్పందించే స్మార్ట్ పాలిమర్ నానో కీమో. కోత లేదు, నొప్పి లేదు, జుట్టు రాలదు." సన్నటి ప్లాస్టిక్ ఉండల్లో మందు నింపి నరానికి ఎక్కిస్తారట, నోట్లో లేజర్ వేస్తే ఆ ఉండలు అక్కడే పగిలి మందు దిగుతుందట. ఆరు విడతలు, మొత్తం 4 లక్షలు. నెట్‌లో వెతికితే ఇలాంటి పరిశోధనలు నిజంగానే బోలెడు కనిపిస్తున్నాయి. అందుకే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఆపరేషన్ అంటే పెద్దమ్మకి ప్రాణభయం, మనసు అన్నయ్య వైపే లాగుతోంది.

అనుమానాల_అప్పారావు
"జుట్టు రాలదు" అన్న లైను దగ్గరే ఆ కాగితం మడిచి పొయ్యిలో పెట్టాల్సింది.

సిక్కోలు_కుర్రోడు
అలా చెబితే మా అన్నయ్య వినడు అప్పారావు గారూ. బీటెక్ కెమికల్ చదివాడు, పేపర్లు డౌన్‌లోడ్ చేసి మరీ చూపిస్తున్నాడు. ఎందుకు కాదో చెప్పాలి.

పాలిమర్_పిల్ల
నా పీహెచ్‌డీ అచ్చంగా దీని మీదే, కాబట్టి పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మీ అన్నయ్య చూపిస్తున్న పేపర్లు దొంగవి కావు. సెంటర్ సంగతి వేరు, దానికి తర్వాత వస్తా.

పూర్ణం బూరె గుర్తు తెచ్చుకోండి. లోపల పూర్ణం మందు, పైన తోపు పాలిమర్. మేం వాడే పాలిమర్ గొలుసుకి ఒక చివర నీళ్లంటే ఇష్టం, రెండో చివరకి నీళ్లంటే పడదు. నీళ్లలో వేయగానే పడని చివరలన్నీ లోపలికి ముడుచుకుంటాయి, ఇష్టమైనవి బయటికి తిరుగుతాయి, గుండ్రటి ఉండలు వాటంతటవే తయారవుతాయి. ఒక్కోటి సుమారు 20 నుంచి 100 నానోమీటర్లు. వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు అనుకోండి, ఎంత చిన్నవో తెలుస్తుంది. చాలా క్యాన్సర్ మందులు నీళ్లలో సరిగ్గా కరగవు, అందుకని అవి వెళ్లి మధ్యలో కూర్చుంటాయి.

ఇప్పుడు నీళ్లు పడని ఆ చివరకి, వెలుతురు తగిలితే మారిపోయే అణువు ఒకటి తగిలిస్తాం. అజోబెంజీన్ అయితే నిటారుగా ఉన్నది మోకాలు మడిచినట్టు వంగుతుంది. 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతికి వంగి, నీలి కాంతికో వేడికో మళ్లీ నిటారవుతుంది. స్పైరోపైరాన్ అయితే ముడి విప్పుకుని, నీళ్లు పడనిది కాస్తా నీళ్లని ఇష్టపడేదిగా మారుతుంది. నైట్రోబెంజైల్ అయితే ఏకంగా తెగిపోతుంది, మళ్లీ అతుక్కోదు. ఏదైనా జరిగేది ఒకటే: తోపు పట్టు వదులుతుంది, పూర్ణం బయటికి వస్తుంది.

ల్యాబ్‌లో గాజు కుప్పెలో ఇది చాలా అందంగా పనిచేస్తుంది. నా కళ్లతో వందసార్లు చూశాను.

గోదారి_గట్టు
పూర్ణం అనకండి మేడమ్, షుగర్ వాళ్లం చదువుతున్నాం ఇక్కడ 😄

వెలుగు_ఇంజనీర్
గాజు కుప్పె అన్నారు, కిటుకంతా అక్కడే ఉంది. కుప్పెకి చర్మం లేదు, రక్తం లేదు.

రాత్రి గదిలో లైట్లు ఆపి ఫోన్ టార్చి అరచేతికి ఆనించి చూడండి. వేళ్లు ఎర్రగా వెలుగుతాయి. టార్చిలో ఉన్నది తెల్లటి వెలుతురు, నీలం, ఆకుపచ్చ రక్తం మింగేసింది, ఎరుపు ఒక్కటే ఇవతలికి వచ్చింది. పాలిమర్_పిల్ల చెప్పిన 365 నానోమీటర్లది నీలం కన్నా ఇంకా పొట్టి తరంగం. అది ఒంట్లోకి ఒక మిల్లీమీటరు కూడా పోదు. పైగా కణాల డీఎన్‌ఏని పాడు చేస్తుంది. పోతే ఎరుపు పోవాలి, ఇంకా లోపలికి అంటే 700 దాటిన పరారుణ కాంతి పోవాలి. కానీ తరంగం పొడుగయ్యే కొద్దీ ఒక్కో కాంతి కణంలో శక్తి తగ్గిపోతుంది. 365 దగ్గర 3.4 ఎలక్ట్రాన్ వోల్టులుంటే 800 దగ్గర 1.55 మాత్రమే. తాళం తెరిచే బలమున్న వెలుతురు లోపలికి పోదు, లోపలికి పోయేదానికి బలం చాలదు.

పాలిమర్_పిల్ల
నిజమే, మా ఫీల్డ్ మొత్తం ఇరవై ఏళ్లుగా కుస్తీ పడుతున్నది దీంతోనే. ఒక దారి: రెండు పరారుణ కాంతి కణాలు ఒకేసారి ఒకే అణువుని కొట్టేలా చేయడం. అమెరికాలో ఫ్రెషే బృందం 2005లోనే మిసెల్‌ల మీద, అంటే ఈ ఉండల మీద, చేసి చూపింది. కాకపోతే దానికి ఫెమ్టోసెకండ్ లేజర్ (అతి పొట్టి మెరుపులు వేసేది) కావాలి, వెలిగేది చుక్కంత చోటు. రెండో దారి: ఉండ లోపలే చిన్న "దుబాసీ"ని కూర్చోబెట్టడం. యిటర్బియం, థూలియం అనే లోహాలు కలిపిన స్ఫటికాలు 980 నానోమీటర్ల పరారుణాన్ని మింగి అతినీలలోహితాన్ని కక్కుతాయి. బయటి నుంచి పరారుణం పంపితే లోపల అతినీలలోహితం పుడుతుంది.

వెలుగు_ఇంజనీర్
ఆ దుబాసీకి కమీషన్ ఎంతో కూడా చెప్పండి. నూటికి ఒకటో రెండో దక్కితే గొప్ప. అందుకని లేజర్ గట్టిగా వేయాలి. 980ని నీళ్లు కూడా మింగుతాయి, మన ఒళ్లంతా నీళ్లే. మందు దిగేలోపు కండ ఉడుకుతుంది. అందుకే నియోడిమియం చేర్చి 808కి మారుతున్నారు.

పాలిమర్_పిల్ల
ఉడికితే ఉడకనివ్వండి అని దాన్నే వాడుకునేవాళ్లూ ఉన్నారు 🙂 బంగారు నానో కణాలు పరారుణాన్ని వేడిగా మారుస్తాయి, ఆ వేడికి పాలిమర్ కుంచించుకుపోయి మందుని పిండేస్తుంది. పీనైపామ్ అనే పాలిమర్ 32 డిగ్రీల దగ్గరే ముడుచుకుంటుంది, ఒంటి వేడికి తగ్గట్టు దాన్ని కాస్త పైకి జరుపుతాం. ఐఐటీ బొంబాయి వాళ్లు బంగారు పూత వేసిన లైపోజోమ్‌ల (కొవ్వు పొర ఉండల) మీద 2015లో ఎలుకల్లో చేసిన పని చాలామందికి తెలుసు. ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఈ వెలుతురు-వేడి పద్ధతి మీద పనిచేసే బృందం ఉంది.

అనుమానాల_అప్పారావు
ఎలుకల్లో. ఎలుక మందం ఎంత? వేలెడు. ఏ వైపు నుంచి లైటు వేసినా అవతలికి వస్తుంది.

నైట్‌డ్యూటీ_నర్స్
నాకు నవ్వొచ్చిన సంగతి. మా వార్డులో కొన్ని కీమో మందులకి వెలుతురు తగలకూడదని సీసాకి, గొట్టానికి కూడా నల్ల కవరు తొడుగుతాం. మీరేమో లైటు వేయండి అంటున్నారు.

కానీ వెలుతురుతో వైద్యం అంటే ఎగతాళి చేయకండి ఎవరూ. పచ్చకామెర్లు వచ్చిన పుట్టిన పిల్లల్ని నీలి లైటు కింద పడుకోబెడతాం కదా, అది కూడా మేడమ్ చెప్పిన లాంటిదే. 460 దగ్గరి నీలి కాంతికి బిలిరుబిన్ ఆకారం మారి, నీళ్లలో కరిగేదై బయటికి పోతుంది. అది మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, మా నర్సే. 1956లో ఇంగ్లండ్‌లో రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ జీన్ వార్డ్ పిల్లల్ని ఎండకి తిప్పేవారు. దుప్పటి కప్పిన చోట పసుపు అలాగే ఉండి, ఎండ తగిలిన చోట పోవడం చూసి చెప్పారు. ఎక్కడ చాన్సు దొరికినా ఈ మాట చెప్పుకుంటాను నేను.

గోదారి_గట్టు
మా నాయనమ్మ బొల్లి మచ్చలకి బావంచాలు నూరి రాసి ఎండలో కూర్చోబెట్టేది. అది కూడా ఇదేనా?

పాలిమర్_పిల్ల
గట్టు గారూ, అచ్చంగా ఇదే! బావంచాల్లో సోరాలెన్ ఉంటుంది. వెలుతురు లేకుండా దానంతట అది పెద్దగా ఏమీ చేయదు, అతినీలలోహితం తగిలితే డీఎన్‌ఏకి అతుక్కుంటుంది. దాని చుట్టమే మెథాక్సలెన్. చర్మానికి వచ్చే ఒక రకం లింఫోమాకి (తెల్ల కణాల క్యాన్సర్) రక్తాన్ని బయటికి తీసి, తెల్ల కణాలకి ఆ మందు కలిపి, లైటు చూపించి తిరిగి ఎక్కించే పద్ధతికి 1988లోనే అమెరికాలో అనుమతి వచ్చింది. లైటు ఒంట్లోకి పోదంటున్నారు కదా, వాళ్లు రక్తాన్నే లైటు దగ్గరికి తెచ్చారు.

(ఇంట్లో మాత్రం నూరి రాసుకోకండి, బొబ్బలెక్కుతాయి.)

మందులషాపు_మూర్తి
ముప్పై ఏళ్లుగా కౌంటర్‌లో ఉన్నాను. పాలిమర్ అనగానే భయపడాల్సిన పని లేదు, ప్రోస్టేట్ వాళ్లకి నెలకో మూడు నెలలకో వేసే లూప్రోలైడ్ డిపో ఇంజెక్షన్ పాలిమర్ గుళికలే. 1989 నుంచి ఉంది. మెదడులో గడ్డ తీసేశాక ఆ ఖాళీలో పెట్టే కార్ముస్టీన్ బిళ్లలకి 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది, అవీ పాలిమరే. కొరియాలో పాక్లిటాక్సెల్‌ని పాలిమర్ ఉండల్లో పెట్టి 2007 నుంచి అమ్ముతున్నారు. అంటే బూరె దొరుకుతుంది. లైటు వేస్తే విచ్చుకునే బూరె మాత్రం నా ఎరుకలో ఏ షాపులోనూ, ఏ ఆసుపత్రి ఫార్మసీలోనూ లేదు. ఉంటే బిల్లు మీద మందు పేరు, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు ఉండాలి. వాళ్ల బ్రోచర్‌లో మందు పేరు రాశారా తమ్ముడూ?

సిక్కోలు_కుర్రోడు
మూర్తి గారూ, ఇప్పుడే మళ్లీ చూశాను. "డాక్సోరూబిసిన్ ఆధారిత" అని ఒక చోట ఉంది. ఇంకేం లేదు.

మందులషాపు_మూర్తి
నోటి క్యాన్సర్‌కి మామూలుగా వాడేది సిస్‌ప్లాటిన్ జాతి. డాక్సోరూబిసిన్ ఎందుకు?

పాలిమర్_పిల్ల
ఇది నేను చెప్పగలను, కొంచెం సిగ్గుపడుతూనే. మా పేపర్లలో నూటికి తొంభై డాక్సోరూబిసిన్‌తోనే ఉన్నట్టు అనిపిస్తుంది. కారణం వైద్యం కాదు. అది ఎర్రగా ఉంటుంది, లేజర్ కింద దానంతట అదే మెరుస్తుంది, కణంలోకి పోయిందా లేదా మైక్రోస్కోపులో సులువుగా ఫొటో తీయొచ్చు. చీకట్లో తాళంచెవి పోగొట్టుకుని వీధిదీపం కింద వెతికినట్టు. ఆ సెంటర్ వాళ్లు ఏదో పేపర్‌లో బొమ్మ చూసి బ్రోచర్ కొట్టించారని నా గట్టి అనుమానం.

అనుమానాల_అప్పారావు
చూశారా, నేను పొయ్యిలో పెట్టమన్నది ఊరికే కాదు.

బోస్టన్_బావ
అప్పారావు గారు మరీ అన్నిటికీ పొయ్యి అంటించేస్తున్నారు. లైటుతో క్యాన్సర్‌కి నిజమైన వైద్యం ఉంది, కలిపేయకండి. ఫోటోడైనమిక్ థెరపీ. ఫోటోఫ్రిన్ అనే మందు నరానికి ఎక్కించి, రెండు రోజులాగి 630 నానోమీటర్ల ఎర్ర లేజర్ వేస్తారు. మందు లైటుని పట్టుకుని పక్కనున్న ఆక్సిజన్‌ని కణాన్ని కాల్చేలా మారుస్తుంది. 1993లో కెనడా, 1995లో అమెరికా అనుమతించాయి. జపాన్ 2020లో ఇంకోటి అనుమతించింది, అకాలక్స్ అని. కణం మీద అతుక్కునే యాంటీబాడీకి రంగు కట్టి, మర్నాడు 690 లేజర్ వేస్తారు. అది తల, మెడ క్యాన్సర్లకే. అంటే పెద్దమ్మగారి లాంటి చోటికే.

అనుమానాల_అప్పారావు
బావగారూ, ఆ జపాన్ అనుమతి ఎవరికో కూడా రాయండి. కోసి తీయడానికి వీల్లేనివాళ్లకి, తిరగబెట్టినవాళ్లకి. ఈవిడకి కోసి తీయొచ్చని డాక్టరే చెబుతున్నాడు. పైగా అందులో పాలిమర్ ఎక్కడుంది?

బోస్టన్_బావ
లేదు. ఒప్పుకుంటున్నా. చోటు మాత్రం సరైన చోటు అంటున్నాను. నోరు తెరిస్తే లైటు పడుతుంది, కాలేయానికి అలా కుదరదు కదా. అలీగఢ్‌లో మన దేశపు డాక్టర్లు, ఇక్కడి హార్వర్డ్ వాళ్లు కలిసి బ్యాటరీతో నడిచే 635 నానోమీటర్ల ఎల్‌ఈడీ పెట్టి, చూడటానికి స్మార్ట్‌ఫోన్ వాడి, తొలి దశ నోటి క్యాన్సర్లకి ఈ లైటు వైద్యం చేశారు. కొద్దిమందిలోనే, కానీ చాలామందికి గడ్డ మాడిపోయింది. 4 లక్షల లేజర్ కాదు, చవక ఎల్‌ఈడీ.

వెలుగు_ఇంజనీర్
అది నాకు బాగా నచ్చిన పని. లెక్క చూస్తే: చదరపు సెంటీమీటరుకి 100 జౌళ్ల శక్తి కావాలనుకోండి, 100 మిల్లీవాట్లతో వేస్తే 1000 సెకన్లు, అంటే పావుగంట పైనే. ఎల్‌ఈడీ చాలు. కాకపోతే ఎరుపు కూడా లోపలికి కొద్ది మిల్లీమీటర్లే. పుండు పలచగా ఉంటే సరే. మందంగా ఉన్నా, ఎముకలోకి దిగినా అడుగున ఉన్నవి బతికే ఉంటాయి.

నైట్‌డ్యూటీ_నర్స్
ఫోటోఫ్రిన్ ఇస్తే కనీసం నెల రోజులు ఎండలోకి రాకూడదు, ఒళ్లు కాలిపోతుంది. శ్రీకాకుళం పల్లెలో, వేసవిలో, 67 ఏళ్ల మనిషిని నెల రోజులు కిటికీలు మూసి కూర్చోబెట్టండి చూద్దాం.

సిక్కోలు_కుర్రోడు
మా పెద్దమ్మని గంట కూర్చోబెట్టలేం. జీడితోటలోకి పోతుంది.

ఉండలు గడ్డ దగ్గరికే పోతాయని బ్రోచర్‌లో ఉంది, అది నిజమేనా? అన్నయ్య గట్టిగా పట్టుకున్న పాయింటు ఇదే. "గడ్డలో రక్తనాళాలు కారుతుంటాయి, అందులోంచి నానో కణాలు లోపలికి దిగి ఉండిపోతాయి" అంటున్నాడు.

పాలిమర్_పిల్ల
అన్నయ్య బాగానే చదివాడు. 1986లో జపాన్‌లో మత్సుమురా, మయేదా చెప్పిన సంగతి అది, మేమందరం థీసిస్ మొదటి పేజీలో రాసుకునేది. కానీ 2016లో టొరంటో బృందం పదేళ్ల పేపర్లన్నీ పోగేసి లెక్క తీసింది. ఎక్కించిన నానో కణాల్లో గడ్డకి చేరినవి మధ్యస్థంగా 0.7 శాతం. అదీ ఎక్కువగా ఎలుకల్లో. మిగతా దాంట్లో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. ఆ అంకె లెక్కించిన తీరు మీద మా వాళ్లలో గొడవలున్నాయి, అయినా ఎవరూ దాన్ని 50 శాతం చేయలేకపోయారు.

లైటుతో తెరుచుకోవడం అనే ఆలోచన పుట్టిందే అందుకు. ఎక్కడికి పోయినా మూతబడే ఉండాలి, మనం చెప్పిన చోటే తెరుచుకోవాలి. కానీ ఉండలు దారిలోనే కొంచెం కొంచెం కారుతుంటాయి. లైటు వేసేసరికి సగం పూర్ణం అయిపోయి ఉంటుంది కొన్నిసార్లు.

అనుమానాల_అప్పారావు
కారే బూరె కన్నా కజ్జికాయ నయం.

పాలిమర్_పిల్ల
😂 కజ్జికాయ అంటే అంచులు కుట్టినట్టు నొక్కుతాం కదా, మేం చేసేది కూడా అదే. కౌమరిన్ అనే అణువు పెట్టి లైటుతో గొలుసుల్ని ఒకదానికొకటి కుట్టేస్తాం. 350 దగ్గర కుడుతుంది, 254 దగ్గర విప్పుతుంది. ఆ 254 ఒంట్లోకి పంపకూడనిది, అది వేరే ఏడుపు.

మందులషాపు_మూర్తి
వేడికి తెరుచుకునేది ఒకటి మనుషుల దాకా వచ్చింది కదా? థర్మోడాక్స్.

బోస్టన్_బావ
వచ్చింది. లైపోజోమ్‌లో డాక్సోరూబిసిన్, కాలేయంలో గడ్డని రేడియో తరంగాలతో వేడి చేసినప్పుడు తెరుచుకునేది. మూడో దశ ట్రయల్‌లో 701 మంది. 2013లో చూస్తే లాభం కనిపించలేదు. మళ్లీ ఇంకో పెద్ద ట్రయల్ పెట్టారు, 2020లో అదీ లాభం లేదన్నారు. వేడి లోపలికి పంపడం లైటు కన్నా సులువు. అదే గట్టెక్కలేదు.

అనుమానాల_అప్పారావు
నేను రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్ని. నా కోపం ఈ అమ్మాయి పరిశోధన మీద కాదు, మొదటి రోజు నుంచీ మొరటుగా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. పదేళ్ల కిందట నా తోడల్లుడిని ఒకడు "అయస్కాంత నానో" అని ఏదో చెప్పి ఐదు నెలలు తిప్పాడు. ఐదు నెలల కింద గడ్డ గోలీకాయంత ఉండేది. అంతే చెబుతాను.

పాలిమర్_పిల్ల
ఏమీ అనుకోలేదు సార్. మా ల్యాబ్‌కి కూడా ఫోన్లు వస్తాయి, "మీ మందు మా నాన్నకి ఇవ్వండి" అని. పేపర్ వస్తే యూనివర్సిటీ వాళ్లు పత్రికలకి చెబుతారు, పత్రికలు "క్యాన్సర్‌కి చెక్" అని వేస్తాయి. ఆ ఫోన్లు ఎత్తేది నేను. లేదు అని చెప్పడం ఇంకా అలవాటు కాలేదు.

నైట్‌డ్యూటీ_నర్స్
కుర్రోడు తమ్ముడూ, పనికొచ్చే మాట ఒకటి. కొత్త మందు ఇస్తున్నారంటే అది ట్రయల్ అయి ఉండాలి. ట్రయల్ అయితే ప్రభుత్వ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నంబరు ఉండాలి, మన దేశంలో 2009 నుంచి అది తప్పనిసరి. ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో సమ్మతి పత్రం ఉండాలి. ప్రయోగం మందుకి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. 4 లక్షలు అడిగారంటే అది ట్రయల్ కాదు. ట్రయల్ కాకపోతే అనుమతి ఉన్న మందు కావాలి, అది లేదని మూర్తి గారు చెప్పేశారు. అన్నయ్యనే ఫోన్ చేసి రిజిస్ట్రీ నంబరు అడగమను. నువ్వు అడగకు, ఆయనే వినాలి.

మందులషాపు_మూర్తి
సిస్టర్ గారు లాయరు కావాల్సింది.

వెలుగు_ఇంజనీర్
ఇంకో ప్రశ్న కూడా అడగమనండి: లేజర్ తరంగం ఎన్ని నానోమీటర్లు, చదరపు సెంటీమీటరుకి ఎన్ని జౌళ్లు వేస్తారు. నిజంగా చేసేవాడు నిద్రలో లేపినా చెబుతాడు.

నైట్‌డ్యూటీ_నర్స్
మెడ గడ్డల సంగతి కూడా. నోటి క్యాన్సర్ మెడలోని లింఫ్ గ్రంథుల్లోకి పోతుంది, అందుకే సర్జన్లు మెడ కూడా చూస్తారు, అవసరమైతే తీస్తారు. అంగిట్లో లైటు వేస్తే మెడలో ఉన్నదానికి ఏం తెలుస్తుంది?

గోదారి_గట్టు
అడ్డచుట్ట గురించి ఎప్పుడూ విన్నాను గానీ చూడలేదు. నోరు కాలదా?

సిక్కోలు_కుర్రోడు
పెదాలు బిగించి పీలుస్తారు, అలవాటైతే కాలదంటారు. గాలికి ఆరిపోదు, బూడిద రాలదు, రెండు చేతులూ పనిలో ఉంటాయి అని చెప్పేది పెద్దమ్మ. మా ఊళ్లకి 1960ల్లోనే విదేశీ డాక్టర్లు వచ్చి నోళ్లు చూసి వెళ్లారని మా తాత అనేవాడు. కోతలు కోస్తున్నాడనుకునేవాళ్లం.

బోస్టన్_బావ
కోతలు కావు. పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ ఆయన, మన మెహతా, గుప్తా వాళ్లు కలిసి ఆంధ్రలో అడ్డచుట్ట మీద 10,169 మంది పల్లెటూరి వాళ్ల అంగిళ్లు పరీక్ష చేసి 1971లో పేపర్ వేశారు. ప్రపంచంలో ఎక్కడ నోటి జబ్బుల పాఠం చెప్పినా అందులో మీ వైపు ప్రస్తావన వస్తుంది.

సిక్కోలు_కుర్రోడు
ఇన్ని పేపర్లు వచ్చాయి గానీ చుట్ట మాత్రం పోలేదు.

సరే, అప్‌డేట్. అన్నయ్య పొద్దున ఫోన్ చేశాడు, నేను పక్కనే ఉన్నాను, స్పీకర్‌లో పెట్టాడు. రిజిస్ట్రీ నంబరు అడిగితే "ఇది ఇంటర్నేషనల్ టెక్నాలజీ సార్, అలాంటి నంబర్లు మన దగ్గరే" అన్నారు. ఎన్ని నానోమీటర్లు అంటే "అది మెషిన్ ఆటోమేటిక్‌గా చూసుకుంటుంది" అన్నారు. అన్నయ్య మొహం చూసి నాకే జాలేసింది. ఆఖరికి "ఈ రోజు అడ్వాన్స్ కడితే 50 వేలు తగ్గిస్తాం" అన్నారు. ఫోన్ పెట్టేసి చాలాసేపు మాట్లాడలేదు.

అనుమానాల_అప్పారావు
డిస్కౌంటు! పండగ సేల్ కాబోలు.

సిక్కోలు_కుర్రోడు
పెద్దమ్మ మాత్రం ఇంకా భయపడుతోంది. చచ్చిపోతానని కాదు. "అంగిట్లో కన్నం పెడితే అంబలి ముక్కులోంచి వచ్చేస్తుంది, మాట ముక్కుతో వస్తుంది, నలుగురిలో ఎలా తిరగను" అంటోంది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

పళ్ల_పంతులు
ఇన్నాళ్లూ ఊరికే చదువుతున్నాను, దీనికి నేను రాయాలి. పై దవడకి కృత్రిమ అవయవాలు అమర్చే పని నాది.

అంగిట్లో కన్నాన్ని మూసే ప్లేటు ఉంటుంది, ఆబ్ట్యురేటర్ అంటాం. కట్టుడు పళ్ల సెట్టు లాంటిదే, పైన కన్నంలోకి దిగే బుడిపె ఉంటుంది. మొదటిది ఆపరేషన్ బల్ల మీదే పెట్టేయొచ్చు. పుండు మానే కొద్దీ ఆకారం మారుతుంది కాబట్టి మధ్యలో తాత్కాలికంగా ఒకటి, కొన్ని నెలలకి అసలుది. అది పెట్టుకుంటే అంబలి ముక్కులోకి పోదు, మాట చాలావరకు సర్దుకుంటుంది. కన్నం ఎంత పెద్దది, పళ్లు ఎన్ని మిగిలాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. మొదట్లో విసుగ్గా ఉంటుంది, అబద్ధం చెప్పను.

ముఖ్యం: ఆపరేషన్‌కి ముందే నోటి అచ్చు తీయాలి. తర్వాత తీయడం కష్టం. సర్జన్ గారిని అడిగి ఈ వారంలోనే పళ్ల విభాగానికి తీసుకెళ్లండి.

పాలిమర్_పిల్ల
పంతులు గారూ, ఆ ప్లేటు దేంతో చేస్తారు?

పళ్ల_పంతులు
యాక్రిలిక్. పాలీ మిథైల్ మెథాక్రిలేట్.

పాలిమర్_పిల్ల
అంటే పెద్దమ్మగారికి చివరికి పాలిమరే పెడుతున్నారు 🙂

అనుమానాల_అప్పారావు
లైటు బిల్లు లేకుండా.

నైట్‌డ్యూటీ_నర్స్
ఆపరేషన్ అయ్యేదాకా కాదు, ఇవాళ నుంచే చుట్ట మానాలి. పుండు మానడానికి, మత్తుకి రెండిటికీ చుట్టే శత్రువు. ఎన్టీఆర్ వైద్య సేవ (పాత పేరు ఆరోగ్యశ్రీ) కార్డు, ఆధార్ జిరాక్సులు, ముక్క పరీక్ష రిపోర్టు అసలుది దగ్గర పెట్టుకో. ప్లేటు ఖర్చు ప్యాకేజీలో వస్తుందో లేదో అక్కడి కౌంటర్‌లో ముందే అడుగు, చివర్లో అడిగితే తిప్పుతారు.

సిక్కోలు_కుర్రోడు
సర్జన్ గారికి ఫోన్ చేశాను. అచ్చు సంగతి అడిగితే సోమవారం తీసుకురమ్మన్నారు. పెద్దమ్మకి పంతులు గారి పోస్టు చదివి వినిపించాను, "పళ్ల సెట్టు లాంటిదేనా" అని రెండుసార్లు అడిగింది. చుట్టల కట్ట బియ్యం డబ్బాలో దొరికింది, ఇంకోటి ఎక్కడో ఉందని అన్నయ్య అంటున్నాడు, ఇల్లంతా వెతుకుతున్నాడు.